గుచ్చని వెలుగు

పోయిన దసరాకి మా అక్క కొడుక్కి ఒక గేమ్ పెట్టె చేసి కుప్పం తీసుకుపోయాను. చెక్కపెట్టె, ఒక జాయ్‌స్టిక్, ఆరు గుండ్రటి పసుపు బటన్లు, లోపల రాస్‌ప్‌బెర్రీ పై. బటన్లలో ఎల్ఈడీలు. టీవీకి తగిలించి ఆన్ చేశాను. వాడు జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు. కుడిచెయ్యి మాత్రం చెక్క మీద తడుముకుంటా ఉంది.

“లైట్లు వెలగలేదు మామా.”

వెలుగుతున్నాయి. నాకు కనిపిస్తున్నాయి.

వాడికి పదకొండేళ్ళు. రెటినైటిస్ పిగ్మెంటోసా. రెటీనాలో మసక వెలుతురుని పట్టే కణాలు ముందు పోతాయి, అందుకే మొదట రేచీకటి వస్తుంది. తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు. ఎవరికి ఎంత వేగంగా అన్నది ముందే చెప్పలేరు. జన్యువుల్లో వచ్చేది. దగ్గరి చుట్టరికాల పెళ్ళిళ్ళలో దీనికి అవకాశం ఎక్కువ. అక్కని ఇచ్చింది మా మేనమామకే. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను పెట్టె చేశాను.

వాడికి ముస్తఫా ఆడాలని కోరిక. ఆ ఆట గురించి వాడికి చెప్పింది అక్కే. చిన్నప్పుడు మేం మదనపల్లెలో అవ్వోళ్ళింట్లో ఉండి చదువుకున్నాం. సందు చివర వీడియోగేమ్ షాపు, రూపాయి బిళ్ళకి ఒక ఆట. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ఆ ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని ఇంజనీరింగ్‌లో చేరాక గానీ నాకు తెలియదు. అందులో పసుపు టోపీ ముస్తఫా ఉన్నాడు కాబట్టి అందరికీ అది ముస్తఫానే. లోపల టమోటా మండీలో పనిచేసే పిల్లలు, బడి ఎగ్గొట్టినోళ్ళు, నేను. అక్క గుమ్మం బయట నిలబడేది. ఆడపిల్లలు లోపలికొచ్చేవాళ్ళు కాదు. ఇంటికి నడిచేటప్పుడు మాత్రం నేను ఏ దెబ్బ ఎక్కడ కొట్టాల్సిందో తనే చెప్పేది.

తిరుగుప్రయాణంలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని పలమనేరు మీదుగా పుంగనూరు పోయాను. నాయన అక్కడ ముప్ఫైయేళ్ళు రేడియోలూ టీవీలూ రిపేరు చేశాడు. షాపు మూసేసినా బల్ల, సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో ఉన్నాయి. బటన్ విప్పి చూస్తే తప్పు నాదే. 12 వోల్టులకి చేసిన హోల్డర్లని 5 వోల్టుల మీద నడుపుతున్నాను. లోపల 470 ఓమ్స్ రెసిస్టర్, తెల్ల ఎల్ఈడీ. ఆ ఎల్ఈడీకే 3.2 వోల్టుల దాకా పోతాయి. మిగిలిన 1.8ని 470తో భాగిస్తే నాలుగు మిల్లీ ఆంప్స్ కూడా లేదు. అది 20 తట్టుకోగలదు.

రెసిస్టర్ తగ్గిస్తే సరి అనుకున్నాను. డబ్బాలో చేతికందిన 33 ఓమ్స్ పెట్టాను. భలే వెలిగింది. కాసేపటికి నీలంగా తిరిగి ఆరిపోయింది.

“లెక్క చూడకుండానే ఏస్తివా? ఇంజినీరువి గదరా!” అన్నాడు నాయన.

1.8ని 33తో భాగిస్తే 54. ఓమ్ సూత్రం మీద పరీక్షలు రాసి పాసైనవాణ్ణి, అదీ కుప్పంలోనే.

“అయినా పసుపు మూతకి తెల్ల లైటెందుకు?” అన్నాడు మళ్ళీ.

అదీ నిజమే. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలం ఎల్ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. బాగా ప్రకాశించే నీలం ఎల్ఈడీని షూజి నకమురా చేసి చూపించింది కూడా ముస్తఫా వచ్చిన 1993లోనే. 2014లో అకసాకి, అమానోలతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. అంత కష్టపడి పుట్టించిన నీలాన్ని నా పసుపు ప్లాస్టిక్ తాగేస్తోంది. పసుపు బటన్‌కి పసుపు ఎల్ఈడీయే మేలు. దానికి 2 వోల్టులు చాలు. మిగిలిన 3 వోల్టులకి 150 ఓమ్స్ వేస్తే 20 మిల్లీ ఆంప్స్. రెసిస్టర్‌లో వేడిగా పోయేది 0.06 వాట్, మామూలు పావు వాట్‌ది సరిపోతుంది. లెక్క కుదిరింది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ప్యాకెట్ల మీద అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నవే కొన్నాను.

సంక్రాంతికి నాయన, నేను కలిసి కుప్పం పోయాం. ఆన్ చేయగానే వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“గుచ్చుతా ఉంది మామా.”

ప్యాకెట్ మీద రాసే మిల్లీ కాండెలా ఒక దిక్కున ఎంత వెలుగు పోతుందో చెప్పే అంకె. అదే వెలుగుని సన్నటి ధారగా ముందుకు తోస్తే అంకె పెరుగుతుంది, బటన్ మధ్యలో సూదిమొన లాంటి చుక్క పడుతుంది, చుట్టూ చీకటి. ఈ జబ్బున్న చాలామందికి మసకలో కనపడదు, మిరుమిట్లూ పడవు. అది నేను చదివాను. వాడిని మాత్రం అడగలేదు. పుస్తకాల మీద రాసేటప్పుడు కూడా నా అలవాటు ఇదేనేమో, నాకు కనపడినదాన్నే ఇంకాస్త గట్టిగా చెప్పడం.

నాయన సంచీలోంచి ఉప్పుకాగితం తీసి ఎల్ఈడీల నెత్తిన రుద్దాడు. గుండ్రటి మొన గరుకై వెలుగు బటనంతా పరుచుకుంది. తర్వాత ఆరింటికీ కలిపి ఒక వంద ఓమ్స్ పాట్ తగిలించి, “వాడి చేతికియ్యి” అన్నాడు. వాడు తిప్పాడు, వెనక్కి తిప్పాడు, చెయ్యి బటన్ల మీద పెట్టి చూసుకున్నాడు, మళ్ళీ కొంచెం తిప్పి ఆపాడు. మల్టీమీటర్ 66 మిల్లీ ఆంప్స్ చూపించింది. అంటే ఒక్కోదానికి 11. నేను ఇద్దామనుకున్నదాంట్లో సగం, ఆపైన కాస్త.

ఒక్కో ఎల్ఈడీకి 3 వోల్టులు, 11 మిల్లీ ఆంప్స్. బజార్లో దొరికే 270 ఓమ్స్ అతికినట్టు సరిపోతుంది. పాట్ తీసేసి అవి వేద్దామని ఐరన్ వేడిచేస్తున్నాను.

“ఉండనీరా. ఆ నాబు పెట్టెకి బిగించు.”

“ఎందుకు నాయనా? వాడికి ఎంత కావాల్నో తెలిసింది గదా.”

నాయన జవాబు చెప్పలేదు. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. తనూ ఏం అనలేదు. నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. ఒక్కోదానికి 150 ఓమ్స్ అట్లే ఉంచాను. నాబు చివరిదాకా తిప్పినా 20 దాటదు, ఏదీ కాలదు. పెట్టె పక్కన రంధ్రం చేసి బిగించాను.

వాడు నాబు పట్టుకుని, “ఇది ఇంకా ఎంతదూరం తిరుగుతాది మామా?” అన్నాడు.

“చానా ఉందిలే.”

వాడు ఆట మొదలుపెట్టాడు. అక్క గుమ్మం దాటొచ్చి వాడి పక్కన కింద కూర్చుంది. మొదటి డైనోసార్ రాగానే, “దూకి కొట్రా, దూకి!” అని అరిచింది.