ముంగి

"ఎంత పొగరమ్మా దానికి! నా పుట్టినరోజుకొచ్చి మూల కూచుంది. ఇక దాని మొహం చూడను!" అంది పదో తరగతి చదివే మా అమ్మాయి.

"పొగరు కాదే, తీరు! కొందరు అంతర్ముఖులు, కొందరు బహిర్ముఖులని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యూంగ్ 1921లోనే రాశాడు. నలుగురిలో నీకు హుషారు, దానికి అలుపు. ఒక్కత్తీ ఉన్నప్పుడు పలకరించి చూడు" అన్నాను. నవలలు రాసేదాన్ని, మనసుల సంగతి నాకు తెలీదూ!

అది కాసేపాలోచించి, "మరి నాన్నని ముంగి అని దెప్పుతావేం?" అంది.

నాకు నోట మాట రాలేదు. చుట్టాలు రాగానే మొక్కలకి నీళ్ళంటూ డాబా ఎక్కే మనిషి! "మావాళ్ళంటే చులకన" అని ఇరవై ఏళ్ళుగా సాధిస్తున్నాను.

ఆ సాయంత్రం రెండు కప్పుల కాఫీతో నేనూ డాబా ఎక్కాను. ఏమీ మాట్లాడలేదు. కాఫీ సగమయ్యేసరికి ఆయనే మొదలుపెట్టారు.