వందోసారి అడిగిన పెన్ను

బ్యాంకు ఉద్యోగమంటే ఫ్యాను కింద కూర్చుని నోట్లు లెక్కపెట్టుకోవడమేనని చాలామంది అభిప్రాయం. ‘నీకేమమ్మా, పదింటికి వెళ్తావు, అయిదింటికి వస్తావు’ అని మా బంధువులు ఎన్ని పెళ్లిళ్లలో అన్నారో! ముప్పై రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని 2021లో రిటైరయ్యాను. నిజంగా అయిదింటికి ఇల్లు చేరిన రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదలా ఉంచండి. పెద్ద పని మీద పడి మనిషి కుప్పకూలడం నేను పెద్దగా చూడలేదు. ఒకే చిన్న చికాకు రోజుకి వందసార్లు ఎదురై, ఏళ్ల తరబడి పేరుకుపోయి, ఉన్నట్టుండి ఒకరోజు మనిషిని విరిచేయడం మాత్రం కళ్లారా చూశాను.

మా బ్రాంచి గుంటూరులో మిర్చి యార్డుకి దగ్గర. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్. రైతులు, కమీషన్ వ్యాపారులు, హమాలీలు తెచ్చే నోట్లకి కూడా కారం అంటుకుని ఉండేది. కట్ట విప్పి లెక్కపెట్టే మెషిన్‌లో పెడితే చాలు, ఆ ఘాటు గాల్లోకి లేచేది. వరసగా తుమ్ములు. కళ్లు మండుతుంటే తుడుచుకుందామన్నా వేళ్లకీ కారమే. కొత్తగా వచ్చినవాళ్లు రెండు నెలలు ఏడ్చేవారు. ఆ తర్వాత అలవాటు పడేవారు.

ఎన్నేళ్లున్నా అలవాటు పడనివి వేరే ఉన్నాయి. నోట్ల కట్టలకి స్టేపుల్ పిన్నులు కొట్టొద్దని రిజర్వు బ్యాంకు 2001లోనే బ్యాంకులకి చెప్పింది. బయటి నుంచి వచ్చే కట్టలకి ఆ మాట ఎవరు చెప్పాలి? పిన్ను పీకబోతే గోటి కిందకి దిగేది. పాస్‌బుక్ ప్రింటర్‌లో సగం పేజీ ఇరుక్కుపోయేది. ‘సర్వరు ఎప్పుడొస్తుంది?’ అని పది మంది అడిగితే పది మందికీ విడివిడిగా జవాబు చెప్పాలి. ‘పెళ్లుందండీ, అన్నీ కొత్త పదులే ఇవ్వాలి’ అని ఒకరు. ‘కళ్లజోడు మర్చిపోయాను, కాస్త ఫారం రాసిపెట్టమ్మా’ అని ఇంకొకరు. ఈ మధ్యలో పై ఆఫీసు నుంచి ఫోను: ఈ నెల ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేయించారు?

వీటన్నిటికీ రారాజు పెన్ను. ‘పెన్నుంటే ఒక్కసారి ఇస్తారా?’ కౌంటరు దగ్గర పురికొసతో ఒక పెన్ను కట్టి ఉంచేవాళ్లం. మూడో రోజుకి పురికొస ఒక్కటే మిగిలేది. ఇక అందరి చూపూ క్యాషియర్ జేబు మీదే. లెక్క మధ్యలో అరవై మూడు దగ్గర ఉండగా ఎవరో పెన్నడుగుతారు. ఇస్తే లెక్క పోతుంది, ఇవ్వకపోతే మర్యాద పోతుంది.

నా పక్క కౌంటరులో మా హెడ్ క్యాషియర్ గారు కూర్చునేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. ఒకసారి మిరపకాయలకి తొడాలు తీసే కూలీ ఒకామె తన పొదుపు డబ్బు తెచ్చింది. అందులో ఒక అయిదువందల నోటు నకిలీది. నకిలీదని తేలిన నోటుని తెచ్చినవాళ్లకి తిరిగి ఇవ్వకూడదు, ఆ సొమ్ము ఖాతాలో వేయకూడదు. ముద్ర కొట్టి ఉంచేసుకుని రసీదు మాత్రం ఇవ్వాలి. ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలి? ‘నాకిచ్చినాయన మంచోడే బాబూ, నువ్వే మార్చేశావు’ అని అందరి ముందూ శాపనార్థాలు పెట్టింది. ఆయన మారు మాట్లాడలేదు. రసీదు రాసిచ్చి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, తర్వాతి టోకెన్ పిలిచారు. సాయంత్రం లెక్క తేలక రెండువేలు తక్కువ పడితే జేబులోంచి కట్టిన రోజు కూడా అంతే. ‘రేపు చూసుకుందాం లెండి మేడమ్’ అని నవ్వి స్కూటరు తీశారు.

పెద్దనోట్ల రద్దు నాటి సంగతి చెప్పాలి. 2016 నవంబరు 8 రాత్రి ప్రకటన వచ్చింది. తొమ్మిదిన బ్యాంకులు మూశారు. పదో తేదీ తెల్లారేసరికి మా గేటు ముందు క్యూ రోడ్డు మలుపు దాటింది. నోట్ల మార్పిడికి మొదట మనిషికి నాలుగువేలన్నారు, తర్వాత నాలుగున్నర వేలన్నారు, అదీ తగ్గించి రెండువేలన్నారు, 24 తర్వాత అసలు మార్పిడే లేదన్నారు. మధ్యలో వేలికి సిరా గుర్తు పెట్టమన్నారు. పొద్దున ఒక నిబంధన బోర్డు మీద రాస్తే సాయంత్రానికి చెరిపి ఇంకోటి రాసేవాళ్లం. డిసెంబరు 30 దాకా ఆ యాభై రోజులు రాత్రి పదయ్యేది ఇల్లు చేరేసరికి. తిట్లు తిన్నాం, తోపులాటలు చూశాం. అయినా మా బ్రాంచిలో ఒక్కరు కూడా కూలబడలేదు. హెడ్ క్యాషియర్ గారైతే యుద్ధంలో సేనాపతిలా నిలబడ్డారు. ఎదురుగా ఉన్న హోటలాయన డబ్బు తీసుకోకుండా టీలు పంపేవాడు. క్యూలో ఉన్న పెద్దాయన ఒకరు ‘మీరు అన్నం తిన్నారా?’ అని అడిగారు. కష్టం పెద్దదైనప్పుడు అది అందరికీ కనిపిస్తుంది. కనిపించిన కష్టానికి ఓదార్పు కూడా దొరుకుతుంది.

అంతటి మనిషి 2018 జులైలో ఒక బుధవారం విరిగిపోయారు. ఆషాఢం, సీజన్ కాదు. బ్రాంచిలో పదిహేను మంది కూడా లేరు. మధ్యాహ్నం మూడు కావస్తోంది. కాలేజీ ఫీజు కట్టడానికి వచ్చిన కుర్రాడొకడు కౌంటరు దగ్గరికొచ్చి, ‘అంకుల్, ఒక్కసారి పెన్నిస్తారా?’ అన్నాడు. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. కాసేపు దానివంక చూశారు. రెండు చేతులతో పుటుక్కున విరిచి, ముక్కలు కౌంటరు మీద పెట్టి, ‘తీసుకో’ అన్నారు. తర్వాత సొరుగుకి తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని లోపలికెళ్లి, పాత ఓచర్ల అట్టపెట్టెల మీద కూర్చున్నారు. నేను వెళ్లేసరికి వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. చేతులనిండా సిరా. బయట ఆ కుర్రాడు తెల్లమొహం వేసుకుని, ‘ఆంటీ, నేనేమన్నాను?’ అని అడుగుతున్నాడు.

క్యూలో ఎవరో ఫోనులో వీడియో తీశారు. సాయంత్రానికల్లా అది పై ఆఫీసు చేరింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని కాగితం వచ్చింది. ఆ కాగితం ముందు పెట్టుకుని ఆయన నన్నడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ‘ఏమని రాయను మేడమ్? అబ్బాయి పెన్నడిగాడు, నేను విరిచాను. జరిగింది అంతేగా!’ నిజమే, రాయడానికి అంతకుమించి ఏమీ లేదు. ఇరవై ఆరేళ్ల పెన్నులన్నీ ఏ సంజాయిషీలో ఇముడుతాయి? ఆయన సెలవు పెట్టారు. బీపీ బాగా పెరిగిందన్నారు డాక్టరు. సెలవు అయిపోయే ముందు స్వచ్ఛంద విరమణకి దరఖాస్తు పెట్టేశారు. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. చిన్నమ్మాయి చదువు పూర్తవ్వాలంటే రెండేళ్లు పడుతుంది. ‘పెన్ను కోసం ఉద్యోగం వదిలేశాడట’ అని ఊళ్లో జనం నవ్వుకున్నారు.

నవ్వాల్సిన విషయం కాదని నాకు అప్పుడే అనిపించింది. తర్వాత మా అబ్బాయి చెబితే తెలిసింది, దీని మీద పెద్ద చదువులే జరిగాయని. రిచర్డ్ లాజరస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి 1981లో ఒక పరిశోధన ప్రచురించారు. నడివయసు వాళ్లు వంద మందిని పది నెలలపాటు గమనించారు. అంతకుముందు అందరూ ఆత్మీయుల మరణం, విడాకులు, ఉద్యోగం పోవడం లాంటి పెద్ద దెబ్బలనే లెక్కలోకి తీసుకునేవారు. వీళ్లు రోజువారీ చికాకుల్ని కూడా లెక్కగట్టి చూశారు. మనసు నలిగిపోవడాన్ని ముందుగా పట్టిచ్చేవి పెద్ద దెబ్బలకన్నా ఈ చిన్న చికాకులేనని తేల్చారు. మనకి ఈ సంగతి కొత్తేం కాదు. ఇంతింత అని చెప్పలేని బాధల్ని ఏరి ఒకచోట చేర్చిన వేమన పద్యం చిన్నప్పుడు అందరం వల్లెవేసిందే. ఆ పద్యంలో పులీ లేదు, పామూ లేదు. అన్నీ చిన్నవే.

మరొక సంగతి కూడా ఉంది. కౌంటరు ఉద్యోగంలో చేతుల పని సగమే. మిగతా సగం మొహంతో చేసే పని. లోపల ఏమున్నా పైకి నవ్వు ఉంచాలి. విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లని దగ్గరుండి చూసిన ఆర్లీ హాక్‌షీల్డ్ అనే ఆవిడ 1983లో దీని మీద ఒక పుస్తకమే రాసింది. నవ్వు కూడా జీతానికి చేసే పనేనని, దానికీ అలుపు ఉంటుందని ఆవిడ మాట. మా జీతం చీటీలో కరువు భత్యానికి ఒక గడి ఉంది, ఇంటద్దెకి ఒక గడి ఉంది. ఆ నవ్వుకి మాత్రం గడి లేదు. ఉద్యోగంలో మనిషి ఇలా లోపల్నుంచి అడుగంటిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జాబితాలో ప్రస్తావించింది. జబ్బు అనలేదు, పనికి సంబంధించిన పరిణామం అంది. అంటే చూడవలసింది మనిషినొక్కడినే కాదు, అతని కుర్చీ చుట్టూ ఏం జరుగుతోందో కూడా చూడాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. జీతాల కోసం యూనియన్ ఉంది. పనిగంటల కోసం సమ్మె చేయొచ్చు. బదిలీ అన్యాయమైతే కోర్టుకి వెళ్లొచ్చు. పెన్ను కోసం సమ్మె చేయగలమా? ‘రోజూ పెన్ను అడుగుతున్నారు, భరించలేకపోతున్నాను’ అని సెలవు చీటీలో రాస్తే నలుగురూ నవ్వుతారు. చెప్పుకుంటే చులకన అవుతామని ఎవరూ చెప్పరు. చెప్పకపోతే పై వాళ్లకి తెలియదు. ఆర్టీసీ బస్సులో చిల్లర దగ్గర ప్రయాణికులతో మాటపడే కండక్టరుదీ, వేలిముద్ర పడక మెషిన్ ముందు జనాన్ని నిలబెట్టుకున్న రేషన్ డీలరుదీ, ఎవరి తప్పుకో ఫోనులో తిట్లు తినే కాల్ సెంటర్ పిల్లదీ ఇదే కథ. వాళ్లు విరుచుకుపడిన రోజున మనకి ఆ ఆఖరి నిమిషమే కనిపిస్తుంది.

ఆ కుర్రాడి తప్పు కూడా ఏమీ లేదు. కౌంటరుకి ఇవతల కూర్చున్న ఆయనకి అది ఎన్నోసారో చెప్పలేం కానీ, అవతల నిలబడ్డ కుర్రాడికి అదే మొదటిసారి. మర్యాదగానే అడిగాడు. ఫీజు గడువు ఆరోజే అయి ఉంటుంది. ఇద్దరూ సరైనవాళ్లే. వాళ్లిద్దరి మధ్య ఉండాల్సిన ఒక పెన్ను లేదు, అంతే.

ఆ తర్వాత రెండు నెలలకి మా బ్రాంచికి కొత్త మేనేజరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. జరిగింది విని ఏమీ అనలేదు. మర్నాడు ఒక డబ్బా పెన్నులు తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టాడు. పోతే పోనీ, మళ్లీ పెడదాం అన్నాడు. డబ్బు వేసే ఫారం, తీసే ఫారం తెలుగులో నింపి పెద్ద అక్షరాలతో గోడకి అంటించాడు. పొద్దున రెండు గంటలు మా అటెండరుని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి, చదువురాని వాళ్లకి రాసిపెట్టమన్నాడు. అంతా కలిపి అయిన ఖర్చు రెండువందలు దాటలేదు. క్యాష్ కౌంటరు దగ్గర పెన్నడిగే గొంతు దాదాపు ఆగిపోయింది. ఆ డబ్బా రెండు నెలల ముందు వచ్చి ఉంటే ఆయన ఇంకో నాలుగేళ్లు మా మధ్యే ఉండేవారని నేను గట్టిగా చెప్పలేను. కానీ ఆ రోజు ఏడ్చే అవసరం వచ్చేది కాదు.

మీ కింద పదిమంది పనిచేస్తుంటే ఒకసారి వాళ్లనడగండి. పెద్ద సమస్య ఏమిటని కాదు, రోజూ విసిగించే చిన్న విషయం ఏమిటని. మొదట ‘ఏం లేదు సార్’ అంటారు. రెండోసారి అడగండి, చెబుతారు. తలుపు కిర్రుమంటుందనో, కుర్చీ కాలు ఊగుతుందనో, ప్రింటరు కాగితం నమిలేస్తుందనో చెబుతారు. నవ్వకుండా రాసుకుని, ఆ వారంలోనే ఒకటి బాగుచేయించండి. ఇక మనలాంటి జనానికి అంతకంటే సులువు. బ్యాంకుకి వెళ్లేటప్పుడు పాస్‌బుక్‌తోపాటు జేబులో ఒక పెన్ను పెట్టుకుంటే చాలు.