రూపాయి మీది చేవ్రాలు

మీ దగ్గర ఇప్పుడు ఏదైనా నాణెం ఉందా? ఉంటే వెలుతురులో పట్టుకుని, సంవత్సరం అంకె కింద చూడండి. ఐదు కోణాల బుల్లి నక్షత్రం కనిపించిందా? అయితే అది మన హైదరాబాదు టంకశాలలో పుట్టింది. వజ్రం ఆకారం ఉంటే బొంబాయిది. గుండ్రని చుక్క ఉంటే ఢిల్లీ పక్కనున్న నోయిడాది. అక్కడి టంకశాల 1988లో మొదలైంది. ఏ గుర్తూ లేదంటారా? కంగారుపడకండి, అది దొంగనాణెం కాదు. కలకత్తా వాళ్ళు గుర్తు వెయ్యరు, అంతే!

నాకు ఈ గుర్తుల పిచ్చి పట్టడానికి కారణం మా నాయనమ్మ ముంత.

మాది షాద్‌నగర్. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది కాని, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోదే. నేను నాలుగో తరగతిలో ఉండగా, అంటే 1963లో, నాయనమ్మ అటక మీది ముంతలోంచి ఒక వెండి రూపాయి తీసి, బెల్లం తెమ్మని నన్ను దుకాణానికి పంపింది. దాని మీద చార్మినార్ బొమ్మ ఎంత అందంగా ఉందో! దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. “ఇది చెల్లదు పిల్లగా, తీసుకపో” అన్నాడు. ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

నాయనమ్మ నమ్మలేదు. “చార్మినార్ చెల్లదా? చార్మినార్ ఏడికి పోయింది కొడుకా?” అంది. ముంతలో అలాంటివి పదకొండు ఉన్నాయి. అవి ఎన్నేళ్ళ కూలి డబ్బో ఆమెకే తెలుసు.

జరిగింది ఇది. నిజాం రాజ్యానికి సొంత నాణేలు ఉండేవి. వాటిని హాలీ సిక్కా అనేవారు. ఇంగ్లీషువారి రూపాయిని మా వైపు కల్దార్ అనేవారు. కల్ అంటే యంత్రం. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1951లో కొత్త హాలీ డబ్బు రావడం ఆగిపోయింది. 1959 నాటికి ఉన్నది కూడా చెల్లకుండా పోయింది. ఊళ్ళో చాటింపు వేసే ఉంటారు. ఆ పూట మా నాయనమ్మ చేలో కలుపు తీస్తూ ఉండి ఉంటుంది!

చివరికి అవుసలాయన పది రూపాయలను తూకం వేసి వెండి ధరకు తీసుకున్నాడు. పదకొండోది మాత్రం నాయనమ్మ ఇవ్వలేదు. “ఇది ఉండనీ” అని నా చేతిలో పెట్టింది.

మరునాడు దాన్ని బడికి తీసుకుపోయాను. మా ఉర్దూ సారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చార్మినార్ ద్వారంలో ఉన్న ఒంటి అక్షరం ‘ఐన్’. అది ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని మొదటి అక్షరం. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అదే చోట ‘మీమ్’ ఉంటుందట. రెండోవైపు ‘జర్బ్ ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’ అని ఉంది. జర్బ్ అంటే దెబ్బ. పూర్వం లోహపు బిళ్ళను అచ్చు మీద పెట్టి సుత్తితో కొట్టేవారు కదా! అంటే, శుభమైన పునాది గల హైదరాబాదులో కొట్టినది అని అర్థం. చూశారా, ఆనాడు ఊరి పేరు బిరుదుతో సహా వేసుకునేవారు. ఈనాటి నక్షత్రం అంత మాటనూ ఒక్క గుర్తులో చెబుతుంది.

గుర్తు ఎందుకు అంటారా? నాణెం తూకం తగ్గినా, లోహం కల్తీ అయినా, ఏ టంకశాలను నిలదీయాలో తెలియాలి కదా. అది పని చేసినవాడి చేవ్రాలు అన్నమాట.

మా ఊరికీ ఆ టంకశాలకూ ఒక చుట్టరికం ఉంది. మహారాజా కిషన్ పర్షాద్ ‘షాద్’ అనే కలంపేరుతో కవిత్వం రాసేవారు. షాద్‌నగర్ పేరు అందులోంచి వచ్చిందే. 1903లో సైఫాబాదులో టంకశాల పెట్టినప్పుడు నిజాం ప్రభుత్వంలో ప్రధానమంత్రి ఆయనే!

1950లో ఆ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. మొదట్లో అక్కడి గుర్తులు వేరు: చీలిన వజ్రం, ఆ తరువాత నడుమ చుక్క ఉన్న వజ్రం. నక్షత్రం వెనక వచ్చింది. 1997లో పని చర్లపల్లికి మారింది. పాత సైఫాబాదు భవనంలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు. కొన్ని టంకశాలలకు ఆ భాగ్యం లేదు. మద్రాసుది 1869లోనే మూతపడి, ఒక వీధికి పేరుగా మిగిలింది. లాహోరుది 1947లో పాకిస్తానుకు పోయింది. ‘ఎల్’ అక్షరం ఉన్న పాత నాణెం దొరికితే అది అక్కడిదే.

నాయనమ్మ రూపాయిని జేబులో వేసుకుని సైఫాబాదు వెళ్ళాను. అది పుట్టిన ఇంటి గుమ్మంలో నిలబడి, ఒకసారి బయటికి తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. పక్కనున్న నా మనుమడు “ఏం చేస్తున్నావు తాతా?” అని అడిగాడు. “పుట్టింటికి తెచ్చానురా” అన్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు కండక్టరు ఐదు నాణేలు చిల్లర ఇచ్చాడు. మూడింటి మీద నక్షత్రం, ఒకదాని మీద వజ్రం. ఐదోది బాగా అరిగిపోయింది. అది నోయిడాదో, కలకత్తాదో భూతద్దం పెట్టి చూడాలని మనుమడు తన దగ్గరే ఉంచుకున్నాడు.