కనిపించని యంత్రానికి కాపలా

సావనీరుకు ఏదైనా ఇమ్మంటే కవిత ఇద్దామనుకున్నాను. సంపాదకవర్గంలోని మిత్రుడు ఒప్పుకోలేదు. "కవితలు ఇప్పటికే బస్తాడు వచ్చాయి. సైన్సు వాడివి, సైన్సే రాయి" అన్నాడు. సరే! ఈ ఏడాది నా నిద్ర కాజేసిన సంగతే రాస్తున్నాను. అదొక అద్దె కంప్యూటరు. దాన్ని కళ్ళారా చూసినవాడు మా క్లాసులో ఒక్కడూ లేడు.

దీనికి క్లౌడ్ అని పేరు పెట్టినవాళ్ళెవరో గాని, సేద్యం చేసే ఇంట్లో చెప్పుకునే పేరు మాత్రం కాదు. మొగులంటే మాకు వాన. ఈ మొగులేమో నేల మీదే, చల్లటి గదుల్లో వరసగా పేర్చిన యంత్రాల రూపంలో ఉంటుంది. ఒక పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేరు సాయంతో చిన్న చిన్న యంత్రాలుగా పంచి ఒక్కొక్కరికి ఒకటి ఇస్తారు. ఎవరికి వారికి మొత్తం తమదే అన్నట్టుంటుంది. దీన్నే వర్చువల్ మెషీన్ అంటారు. ఆలోచన కొత్తదేం కాదు. ఐ.బి.ఎం. కంపెనీ 1972లోనే వి.ఎం./370 అని ప్రకటించింది. అలాంటి యంత్రాలను గంటల లెక్కన అద్దెకివ్వడం అమెజాన్ 2006లో మొదలుపెట్టింది. 2022 నవంబరులో హైదరాబాదులోనూ కేంద్రాలు తెరిచింది. అంటే ఈ మొగులు మా ఊరికి మరీ దూరమేం కాదన్నమాట!

మా ప్రాజెక్టు, వేడి పెరిగితే అయస్కాంతం గుణం ఎలా పోతుందో లెక్కగట్టడం. హాస్టల్లో ఉన్న ఒక్క లాప్‌టాప్ మీద ఆ లెక్క పెడితే ఇక ఆ రోజు ఎవరికీ పని జరగదు. అద్దె యంత్రం తీసుకుందామన్నారు నలుగురూ. దానికి కార్డు నంబరు ఇవ్వాలి. ఆ కార్డు మా నాయిన దగ్గరుంది. పత్తి పైసలు పడ్డ ఖాతా అది.

నాయిన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "వాడకుంటే గూడ పైసలు పోతయా బిడ్డా?"

మా లెక్చరర్లెవరూ అంత సూటిగా అడగలేదు. ట్రాక్టరు కిరాయి సంగతి తెలిసిన మనిషికి చెప్పడం కష్టం కాలేదు. "పోతయి నాయినా. దున్నినా దున్నకపోయినా చెలకల నిలబడ్డంత సేపూ గంట లెక్కే. బంద్ చేస్తే గంట కిరాయి ఆగుతది. కానీ మన సామాను ఆడ పెట్టినందుకు కొంచెం కిరాయి ఉంటది" అన్నాను. సామానంటే డిస్కు. యంత్రాన్ని ఆపినా డిస్కు అద్దె నడుస్తూనే ఉంటుంది; పూర్తిగా తొలగిస్తేనే అదీ పోతుంది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. గంటకు 15 రూపాయలనుకుంటే, 30 రోజులు ఆపకుండా వదిలేస్తే 10,800. డి.ఏ.పి. బస్తా 1,350 రూపాయలు. సరిగ్గా ఎనిమిది బస్తాలు! ఖర్చు ఇంత దాటితే తెలియజేయమని కంపెనీకి చెప్పుకునే ఏర్పాటుంది గాని, మామూలుగా అది ఉత్తరం పంపి ఊరుకుంటుంది, యంత్రాన్ని ఆపదు. అందుకే యంత్రం నడపడం కంటే ముందు ఆపడం నేర్చుకున్నాను.

యంత్రం తెరవడం పెద్ద పనేం కాదు. ఉబుంటు అన్నదాన్ని ఎంచుకుని, తాళంచెవి లాంటి ఫైలు ఒకటి దించుకుని, అది నేను తప్ప ఎవరూ చదవకుండా చేసి, ఎస్.ఎస్.హెచ్. ద్వారా లోపలికి పోవడమే. ఆ దారి 22వ నంబరు తలుపు. దాన్ని లోకానికంతా తెరిచిపెడితే ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి తాళాలు కదిపి చూస్తూనే ఉంటారు. మా చిరునామాకు మాత్రమే తెరిచాం.

ఇక ఆపడం. లెక్క నడిపే ఆదేశం పక్కనే, ముగిశాక యంత్రాన్ని ఆపమని రాశాను. రెంటి మధ్య రెండు ఆంపర్‌శాండ్లు పెడితే లెక్క సవ్యంగా ముగిస్తేనే ఆగుతుంది. నడుమ చెడిపోతే తెల్లవార్లూ, తెల్లవారాక కూడా ఊరికే నడుస్తుంది. సెమికోలన్ పెడితే లెక్క బాగున్నా చెడినా ఆగుతుంది. ఇన్ని డబ్బులు ఒక చుక్కా కామా మీద ఆధారపడడం చిత్రం కాదూ! అదీ చాలదని క్రాన్ అనే గడియారపు పనివాడికి ఉదయం 6 గంటలకు ఆపమని చెప్పాను. ఆ యంత్రం గడియారం మనదానికంటే అయిదున్నర గంటలు వెనక. కాబట్టి 0 గంటల 30 నిమిషాలని రాయాలి.

తర్వాత టెర్రాఫామ్ నేర్చుకున్నాం. 2014లో వచ్చిన పనిముట్టు. అందులో ఏం చేయాలో చెప్పం, ఏముండాలో రాస్తాం. ఒక యంత్రం ఉండాలని రాస్తే, ఎన్నిసార్లు నడిపినా ఒకటే ఉంటుంది. మౌసుతో నొక్కుకుంటూ చేసిన పనిని పరీక్షల తర్వాత ఎవరు గుర్తుంచుకుంటారు? ఫైలైతే జూనియర్ల చేతిలో పెట్టొచ్చు.

ఆటోమేషన్ అంటే మా ఊళ్ళో ఆటో స్టార్టరు. కరెంటు వస్తే మోటరు దానంతట అదే ఎత్తుకుంటుంది. అర్ధరాత్రి చీకట్లో, పాముల మధ్య బావి కాడికి పోయే బాధ తప్పించిందది. దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. కానీ దానికి ఎత్తుకోవడమే తెలుసు, పొలం తడిసిందో లేదో తెలియదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, బోర్లు ఎండిపోతాయని ఆ స్టార్టర్లు తీసేయమని సర్కారే రైతులను కోరింది.

మిత్రులు ముగ్గురూ ఇప్పుడు, సాయంత్రం కాగానే యంత్రం తనంతట తానే లేచేలా కూడా రాయమంటున్నారు. నేను ఒప్పుకోలేదు. పని ఉన్నవాడు లేపుకోవాలి. ఈ విషయంలో మా నలుగురికీ ఇంకా తగవు తెగలేదు.