గూడూరు టిక్కెట్టు

పోయిన నెల పింఛను సంగతి రాస్తే చాలామంది ఫోన్ చేసినారు, సంతోషం. ఈసారి కొంచెం పొడుగు. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైర్ అయినాకనే, మన సంఘం ఆదివారం క్లాసులో కూర్చొని దిద్దుకున్నాము. ఒత్తులు తప్పితే మన్నించి చదవండి.

మా పెద్దన్న మనవడు చెన్నపట్నంలో సినిమా చదువు చదువుతున్నాడు. ఆఖరు సంవత్సరం. పదిహేను నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలంట, కథ కూడా సొంతదే కావాలంట. సెలవులకు మా ఇంటికి వచ్చి పది దినాలు ఉండినాడు. పగలంతా ఫ్యాన్ కింద పడుకొని పైకి చూసేది, రాత్రంతా ల్యాప్‌టాప్. ఇంట్లో ఆమె "ఏమిరా, పని చేయకుండా పడుకోనుండావు?" అంటే, "ఇదే పని అవ్వా" అనేవాడు.

వాడి మొదటి కథలో ఒకడు దిగిన స్టేషన్‌లోనే మళ్ళీ ఎక్కి, అదే ప్రయాణం తిరిగి తిరిగి చేస్తాడు. మాకు బాగానే ఉండింది. వాళ్ళ అయ్యవారు సగం విని, ఈ మాదిరి సినిమాల పేర్లు మూడు చెప్పినాడంట. రెండోది దయ్యం కథ. దానికి ఐదు పేర్లు. మూడోది రాసి వాడే చించేసినాడు. "తాతా, ప్రపంచంలో కథలన్నీ అయిపోయినాయి. మేము ఆలస్యంగా పుట్టినాము" అన్నాడు.

మేము సినిమా చదవలేదు, చూసినాము అంతే. మాకు తెలిసింది చెప్పినాము. 1953లో వచ్చిన దేవదాసు శరత్ బాబు బెంగాలీ నవల. 1955 మిస్సమ్మ కథకు కూడా మూలం బెంగాలీనే. అదే కథ తమిళంలోనూ తీసినారు, అక్కడా మనవాళ్ళే అనుకొని చూసినారు. మరి సొంతం అనేది ఎక్కడ ఉందిరా అని అడిగినాము.

దానికి వాడు 'పథేర్ పాంచాలీ' పెట్టి చూపించినాడు. సత్యజిత్ రాయ్ 1955లో తీసింది. అది కూడా ఒకరి నవలే. తెల్లటి రెల్లు పూలలో అక్కాతమ్ముడు పరుగెత్తి రైలు చూస్తారు. 37 ఏండ్లు రైల్వేలో ఉన్నాము, రైలు మాకు అంత పెద్దదిగా ఎప్పుడూ కనపడలేదు. "చూసినావా తాతా, రైలు కొత్తది కాదు. ఆ పిల్లోడు నిలబడిన చోటు కొత్తది. మా అయ్యవారు అడిగేది అదే, నువ్వు ఎక్కడ నిలబడి చూసినావు అని."

అప్పుడు మాకు కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు గుర్తొచ్చినారు. ఇంట్లో తెలుగు, రాత తమిళం. మనవాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి దక్షిణానికి వచ్చిన కథను, ముసలమ్మలు చెప్పినట్టే 'గోపల్ల గ్రామం'లో రాసినారు. తరువాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ మాదిరి కథలు మన ఇండ్లలోనూ చెప్పినారు. మనం విని నిద్రపోయినాము, ఆయన రాసినారు.

"అయితే నీ కథ చెప్పు తాతా" అన్నాడు. వరదకు బండి నిలిచిపోయిన కథ, పెండ్లికొడుకు వేరే బండి ఎక్కిన కథ చెప్పినాము. వాడు ఆవలించినాడు. "ఇవి నువ్వు అందరికీ చెప్పేవి. ఎవరికీ చెప్పనిది చెప్పు."

ఆ రాత్రి మిద్దె మీద చెప్పినాము. ఇంట్లో ఆమెకు కూడా అంతవరకు తెలియదు.

1986 ఎండాకాలం. తంజావూరు మెయిన్ లైన్‌లో ఒక స్టేషన్, అప్పుడంతా మీటర్ గేజ్. మేము ఆ బుకింగ్ కౌంటర్‌కు వచ్చి ఆరు నెలలు. మా ఇంట్లో తెలుగు అని అక్కడ ఎవరికీ చెప్పలేదు. తెలుగువాళ్ళను ఎగతాళిగా అనే ఆ మాట మీకు తెలుసు, ఇక్కడ రాయము.

సాయంత్రం ఒక పెద్దమ్మ కిటికీ దగ్గరకు వచ్చింది. తోడు ఎవరూ లేరు. చంకలో గుడ్డ సంచి, కొంగు ముడిలో డబ్బులు. "నాయనా, గూడూరికి ఒక టిక్కెట్టు ఇయ్యి" అన్నది. నెల్లూరు పక్క గూడూరు. మాకు స్పష్టంగా అర్థమయింది. ఎగ్మోరులో దిగి, సెంట్రల్‌కు పోయి, బ్రాడ్ గేజ్ బండి ఎక్కాల. మా అరలో గూడూరికి అచ్చు టిక్కెట్టు లేదు. బ్లాంక్ పేపర్ టిక్కెట్టు తీసి, దూరం చూసి, ఛార్జీ లెక్క కట్టి చేత్తో రాయాల. అదైనా చేయొచ్చు. కానీ ఆమెకు దారి చెప్పాలంటే తెలుగులో చెప్పాల. వెనక పెద్ద క్యూ. పక్క కౌంటర్ ఆయన ఇటే చూస్తుండాడు.

"కడలూరా?" అని తమిళంలో అడిగినాము. ఈ పక్క గూడూరును అట్లా అంటారేమో అనుకొని ఆమె తల ఊపింది. కడలూరు అట్ట టిక్కెట్టు తీసి, డేటింగ్ మెషీన్‌లో పెట్టి టక్కున కొట్టి ఇచ్చినాము. "చల్లగుండు నాయనా" అని చెప్పి పోయింది.

బండి పోయినాక, ఫోన్ మా పక్కనే ఉండింది. కడలూరుకు ఒక మాట చెప్పొచ్చు. చెప్పలేదు. బండి అక్కడికి అర్ధరాత్రి చేరుతుందని మాకు తెలుసు. ఆమె ఏమయిందో తెలియదు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "తాతా, 'మేము' 'మేము' అంటుండావు. కౌంటర్‌లో ఉన్నది నువ్వు ఒక్కడివే కదా?" అన్నాడు.

అప్పుడు జవాబు రాలేదు. ఇప్పుడు చెప్తాము. బస్సులో ఇంటి నుంచి ఫోన్ వస్తే గొంతు తగ్గించినవాళ్ళు, బడి గేటు దగ్గర అమ్మ తెలుగులో పిలిస్తే తమిళంలో పలికినవాళ్ళు మనలో ఎందరో ఉండారు. అందుకే 'మేము' అని నోటికి వస్తుంది. కానీ ఆ టిక్కెట్టు కొట్టిన చెయ్యి ఒక్కటే. అది ఈ చెయ్యే.

వాడు అదే కథ తీస్తానన్నాడు. మాకు ఇష్టం లేదు. నలుగురూ చూస్తారు. "పెద్దాయన చేసిన పనా ఇది అంటారు" అన్నాము. ఇంట్లో ఆమె, "అనుకోనీండి. ఆ పెద్దమ్మకు మీరు బాకీ పడింది" అన్నది. అంతటితో అయిపోయింది.

మాటలన్నీ వాడు తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ అక్షరాల్లో 'క'కూ 'గ'కూ ఒకటే గుర్తు. గూడూరును చదివేవాడు కూడూరు అన్నా అంటాడు. పక్కన మేము తెలుగులో రాసి ఇచ్చినాము. హాల్లో అట్టపెట్టెకు రంధ్రం కోసి కౌంటర్ కట్టినాడు. పెద్దమ్మగా వాళ్ళ అవ్వ, గుమాస్తాగా మేము. ఆమె వంగి "నాయనా, గూడూరికి ఒక టిక్కెట్టు ఇయ్యి" అన్నది. మేము "కడలూరా?" అనాల. నోరు రాలేదు. "ఎగ్మోరులో దిగమ్మా, అక్కడి నుంచి సెంట్రల్‌కు..." అని తెలుగులోనే చెప్పేసినాము.

వాడు కెమెరా దించినాడు. "తాతా, కథను దిద్దొద్దు. నువ్వు చేసింది చేసినట్టే ఉండనీ. అదొక్కటే దీంట్లో సొంతం."

మళ్ళీ కూర్చున్నాము. ఐదోసారికి వచ్చింది.

షూటింగ్ వచ్చే నెల. ఎవరి ఇంట్లోనైనా పాత మీటర్ గేజ్ కాలం అట్ట టిక్కెట్లు దాచిపెట్టి ఉంటే నాలుగు దినాలకు అప్పు ఇవ్వండి, భద్రంగా తిరిగి ఇస్తాము. సినిమా అయినాక మన సంఘం హాల్లో వేస్తాడంట. చూసి, మీ మనసుకు ఏమనిపిస్తే అది మా ముఖానే చెప్పండి.