తుపాను లెక్కలో పాత కంప్యూటర్‌కీ పనుంది



2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా కూలిపోయాయో మనకి తెలుసు. తుపాను ఎక్కడ దాటుతుందో ముందే ఎలా చెప్తారు? హాస్టల్లో ఉండి కంప్యూటర్లు చదువుతున్న మేము తెలుసుకున్నది రాస్తున్నాం.

ఒక్క లెక్కతో చెప్పరు. గాలి, తేమ కొలతల్లో ఎంతోకొంత తేడా ఉంటాది. అందుకని మొదటి కొలతల్ని కొంచెం కొంచెం మార్చి, అదే లెక్కను చాలాసార్లు వేస్తారు. 2018 జూన్‌లో మన వాతావరణ శాఖ మొదలుపెట్టిన పద్ధతిలో అలాంటివి 21. ఒకదానికోసం ఇంకొకటి ఆగక్కర్లేదు, అన్నీ ఒకేసారి నడపొచ్చు. ఇలాంటి పనులకే పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అనే సూపర్ కంప్యూటర్లు ఆ ఏడాదే వచ్చాయి.

చిక్కు ఏటంటే, 20 అయిపోయి ఒక్కటి మిగిలినా ఆగాల్సిందే. ఆలస్యమైన హెచ్చరిక పెళ్లయ్యాక అందిన శుభలేఖ.

మన కాలేజీ ల్యాబుల్లో ఇంకో చిక్కు. కొత్తవి, పాతవి కలిపే ఉంటాయి. రెండు కంప్యూటర్లు అనుకుందాం, కొత్తది మూడు రెట్లు వేగం. మూడు లెక్కలున్నాయి. పాతదాని మీద ఒకటి 12 గంటలు, మిగతా రెండూ చెరో 6 గంటలు పడతాయి. కొత్తదాని మీద 4, 2, 2. పెద్దదాన్ని పాతదానికిస్తే మొత్తం 12 గంటలు. పాతది దండగని అన్నీ కొత్తదానికే ఇస్తే 8. పెద్దదీ ఒక చిన్నదీ కొత్తదానికి, ఇంకో చిన్నది పాతదానికి ఇస్తే 6 గంటలకే అంతా అయిపోతాది.

ఉభాల్లో మన పెద్దలు చేసేదీ ఇదే. ఆకు తీసేవాళ్లు, మోసేవాళ్లు, నాటేవాళ్లు. ఎవరి చేయి దేనికి తిరుగుతాదో చూసి పంచుతారు. ముసలమ్మని ఇంటికి పొమ్మనరు.

21 లెక్కల్ని రెండు కంప్యూటర్లకి పంచే దారులే 20,97,152. అన్నీ చూస్తూ కూర్చోలేం. అందుకే పెద్ద పనిని ముందు తీసుకుని, ఎక్కడ తొందరగా ముగుస్తాదో అక్కడికి పంపుతారు. ప్రతిసారీ అన్నిటికంటే మంచి పంపకం రాకపోవచ్చు, చాలాసార్లు దగ్గరకొస్తాది.

మంచి మెషిన్ లేదని ప్రాజెక్టు మానేయకండి. ల్యాబులో ప్రతి కంప్యూటర్ మీదా ఒక చిన్న లెక్క నడిపి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. పంపకం అక్కడే మొదలవుతాది.

రేపు తుపాను లెక్కలు వేసే గదిలో మన ఏజెన్సీ పిల్లలూ ఉండాలి. ఏ గెడ్డ పొంగితే ఏ ఊరికి దారి తెగిపోతాదో తెలిసినవాళ్లం మనమే.