వండిన చేయి ఎవరిది?

ప్రియ చదువరీ, బొమ్మల చిత్రములు పిల్లలకేగాని పెద్దలకెందుకని నీవు తలంచుచున్నావా? నేనును అట్లే తలంచితిని. గడచిన వేసవి సెలవులలో నా మనుమరాలు నన్ను బలవంతముగా కూర్చుండబెట్టి "రాటటూయి" అను చిత్రమును చూపించెను. ఇది 2007వ సంవత్సరములో అమెరికాలోని పిక్సార్ సంస్థవారు తీసినది. కథ జరుగునది ఫ్రాన్సు దేశపు పారిస్ పట్టణములో. నాకు ఇంగ్లీషు అంతగా రాదు గనుక ఆ బిడ్డయే ప్రక్కనుండి అర్థము చెప్పుచుండెను.

రెమీ అను ఎలుకకు వంట చేయవలెనని ఆశ. ఎవరైనను వండగలరని పుస్తకము వ్రాసి చనిపోయిన గుస్తో అను వంటవాని మాటయే దానికి ధైర్యము. ఆయన పేరిటనున్న భోజనశాలలో చెత్త యెత్తు లింగ్విని అను పడుచువాని టోపీలో దాగి, అతని జుట్టు లాగుచు, అతని చేతులచేత వంట చేయించును. మెప్పు మాత్రము అతనికి వచ్చును. నిజము తెలిసిన దినమున పనివారందరు లేచిపోవుదురు. కొలెట్ అను వంటకత్తె ఒక్కతెయే తిరిగి వచ్చును.

ఆ రాత్రియే ఆంటన్ ఈగో భోజనమునకు వచ్చియుండెను. భోజనశాలల మంచిచెడ్డలు పత్రికలో వ్రాయు ఈయన కలమునకు జడియని వంటవాడు లేడు. ఆయన యెదుట పెట్టినది రాజభోజనము కాదు; వంకాయ, టమాటా మొదలగువాటితో దక్షిణ ఫ్రాన్సు పల్లెవారు వండుకొను కూర. ఒక్క ముద్ద నోటబెట్టగానే బాల్యము ఆయన కన్నులకు కట్టెను. కన్నీళ్లతో గుమ్మమున నిలిచిన తనకు తల్లి ఆ కూరయే పెట్టినది! చేతిలోని కలము జారిపడెను. వండినవారిని చూడగోరి, అందరును వెళ్లువరకు వేచియుండెను. ఎలుకను చూచిన తరువాత కూడ ఆ వంటను మనసార మెచ్చుకొని వ్రాసెను. అందువలన ఆయన ఉద్యోగమును పరువును పోయినవి.

"తాతయ్యా, ఏడుస్తున్నావా?" అని మనుమరాలు అడిగెను.

చదువరీ, 20 ఏండ్ల క్రిందట మా సంఘపు కోతపండుగ విందుకు నేనే పెద్దను. బజారు ఊడ్చు ఒక సహోదరి వచ్చి, "అయ్యగారూ, ఈసారి వంకాయ కూర నేను వండుతాను" అనెను. "నువ్వు గిన్నెలు తోము, చాలు" అంటిని. పదిమంది నవ్విరి. ఆమె తలవంచుకొని గిన్నెలు తోమెను. ఆ తరువాత ప్రతి యేటను తోమెను. మరి యెన్నడును అడుగలేదు. ఆ చిత్రములో నేను ఎలుకను చూడలేదు, ఈగోను చూచితిని. ఆయన రుచి చూచి తీర్పు తీర్చెను. నేను రుచి చూడకయే తీర్చితిని.

మరునాడు ఉదయమే ఆమె యింటికి వెళ్లితిని. "ఆనాటి మాటకు నన్ను క్షమించమ్మా. ఈ యేడు విందుకు నువ్వే వండాలి" అంటిని.

ఆమె తన చేతులు చూచుకొనెను. "వణుకుతున్నాయి అయ్యగారూ. పెద్ద గుండిగల దగ్గర ఇంక నిలబడలేను" అని, కొంతసేపటికి, "కూర్చోండి, అన్నం తిని పోదురుగాని" అనెను.

చింతచిగురు పప్పు పెట్టినది. అటువంటి రుచి నేనెరుగను. తినుచుండగా సిగ్గు వచ్చెను. ఇన్నేండ్లు మా సంఘము ఈ చేతి వంటకు దూరమైనది నా మూలముననే గదా!

చదువరీ, నీ పెరటిలో, నీ సంఘములో గిన్నెలు తోముచున్న చేయి యొకటి యున్నదేమో చూడుము. నీకేమి వచ్చునని ఆమెను ఎన్నడైనను అడిగితివా? అడుగుము. ఆ చేతులు వణకక మునుపే అడుగుము.